ఏడో మలుపు దాహం

చియాంగ్ రాయ్ కొండల్లో ఏడో మలుపు ఉంది చూశారూ, చీకటి పడ్డాక అక్కడ బండి ఆపే మొనగాడు పుట్టలేదు. కానీ వాటంతటవే ఆగిపోయిన బండ్లు మాత్రం బోలెడు...

వెనకటికెప్పుడో ఒక ఆడమనిషి ఆ మలుపులో గుక్కెడు నీళ్ళు దొరక్క ప్రాణం వదిలిందట. అప్పట్నుంచీ వచ్చే బండ్లలో నీళ్ళన్నీ ఆ దాహపుమనిషే తాగేస్తుందట. ఇంజన్ ఉడికిపోతుంది. ఆసుపత్రికి పోతూ ముగ్గురు అక్కడే పోయారు. ఆఖరివాడి పేరు ఇంతా, బువాకియో మొగుడు.

ఈ బువాకియో కొండ మొదట్లో, గుడి పక్కన బంతిపూల దండలమ్మే ముసలావిడ. దాహపుమనిషి శాంతించాలని ఆవిడ దగ్గర దండలూ రంగుల గుడ్డా కొని బండి ముందు కట్టాకే ఎవరైనా కొండెక్కేది.

ఒక సాయంత్రం పూలబుట్టలోంచి నాగుపాము లేచి ఆవిడ చేతిమీద కాటేసింది. అల్లుడు ప్రయూన్ పికప్ తీశాడు. ఆసుపత్రి కొండకి అవతల. ఆ నొప్పిలోనూ అత్తగారు వదల్లేదు.

"దండలు కట్టు అల్లుడూ! నాలుగు కట్టు. గుడ్డ కూడా!"

కట్టాడు.

ఆరో మలుపు దాకా ఆవిడ నోరు మూతపడలేదు. "నీ బండికన్నా గేదె నయం" అని దెప్పింది. ఏడోది తిరిగారో లేదో... ఇంజన్ వేడి చూపే ముల్లు ఎరుపులోకి ఎక్కింది. ఉడికిన పూల వాసన గుప్పుమంది.

ఇంజన్ ఆపాడు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఈ వేళప్పుడు ఇటు వచ్చేవాళ్ళూ లేరు. బానెట్ కింద గుటగుటమని చప్పుడు — ఎవరో ఆత్రంగా నీళ్ళు తాగుతున్నట్టు.

"వచ్చిందా... అది?" అత్తగారి మాట ముద్దగా ఉంది. రెప్పలు వాలిపోతున్నాయి.

"తిట్టండి అత్తయ్యా, తిడుతూనే ఉండండి నన్ను!"

తిట్టడానికి ఆవిడకి నోరు తిరగలేదు. ప్రయూన్‌కి అప్పుడు నిజంగా భయమేసింది.

బానెట్ ఎత్తాడు. రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు — ఇప్పుడు తీస్తే మొహం కాలుతుంది, ఉన్న నీళ్ళూ ఎగిరిపోతాయి. పక్కనున్న తెల్ల డబ్బా మీద టార్చి కొట్టాడు. నీళ్ళు పై గీత దాకా ఉన్నాయి! బండి కింద చుక్క తడి లేదు. గొట్టాలు బాగున్నాయి, బెల్టు బిగువుగానే ఉంది.

మరి దాహపుమనిషి తాగిందేమిటి?

టార్చి ముందుకి తిప్పాడు. బంతిపూలు బండి ముందు జాలీ నిండా కూరుకుపోయాయి. వాటి వెనక, ఫ్యాను లాక్కున్న రంగుల గుడ్డ రేడియేటర్‌కి తడిబట్టలా అతుక్కుపోయింది. గాలి దూరే సందు లేదు.

పీకాలి. కానీ... ఆ మలుపులోనే, ఆ మనిషికి కట్టిన దండ పీకడమా?

"అత్తయ్యా... దండలే గాలి ఆపేస్తున్నాయి. తీసెయ్యనా?"

వినీ వినపడకుండా అంది —

"పీకెయ్... నా మొగుణ్ణి తిన్నది చాల్లేదా దానికి?"

గుడ్డ చిరిగేదాకా లాగాడు. పూలని గుప్పిళ్ళతో తవ్వి లోయలోకి విసిరాడు. ఇంజన్ వేసి, లోపలి హీటర్ ఆఖరిదాకా తిప్పాడు, ఇంజన్ తన వేడి ఇటైనా కక్కుతుందని. క్యాబిన్ పొయ్యిలా కాగింది. పక్కన అత్తగారి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాడు. ముల్లు కదల్లేదు... కదల్లేదు... వెంట్రుకవాసి దిగింది.

ఆసుపత్రి చేరేసరికి ఆవిడ ఊపిరి ఎగశ్వాసలో ఉంది. గొంతులో గొట్టం వేశారు. మూడో రోజున తీశారు.

బతికిందన్న సంబరంలో ప్రయూన్ నోరు ఆగలేదు. "అక్కడ దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు అత్తయ్యా! అంతా మనం కట్టిన దండలే."

ఆవిడ నవ్వలేదు. తన వేళ్ళకేసి చూసుకుంది. బంతిపూల పసుపు మరక ఇంకా పోలేదు.

"ఆ రోజు మీ మావయ్యని ఎక్కించిన బండికి..." ఆ మరకని బొటనవేలితో రుద్దుకుంది. మళ్ళీ గుసగుసగా అంది. "అందరికీ రెండో మూడో కడతాను అల్లుడూ. ఆయనంటే ప్రాణం కదా... తొమ్మిది కట్టాను."