అద్దం కింది నడిమి మీట

డులూత్‌లో జనవరి నెలలో సాయంత్రం నాలుగున్నరకే దీపాలు పెట్టేస్తారు. ఆ వేళకి మారిట్ ఇంటి గ్యారేజీలో దీపం వెలుగుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. పోయిన శనివారం కొన్న పాత కారు లోపల నిలబడి సన్నగా గురక పెడుతోంది. వెనక సీట్లో మారిట్ కూతురు, నాలుగేళ్ల బ్రిటా, బడి నుంచి వస్తూ దారిలోనే నిద్రపోయింది. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంది చలి. పిల్లని లేపితే ఏడుస్తుంది, ఇంజను ఆపితే వణుకుతుంది. అందుకని రెండూ చెయ్యలేదు.

"తలుపు మాత్రం తెరిచే ఉంచు," అన్నాడు మామగారు ఆర్విడ్, నిచ్చెన విప్పుతూ. "ఇంజను నడుస్తుంటే ఈ తలుపు పడకూడదు. మీ అత్త పెట్టిన చట్టం."

"తెలుసు మామయ్యా. ఏడాదికి నలభైసార్లు చెబుతారు."

"నలభై ఒకటోసారి చెబితే నా నోరేం అరిగిపోదులే."

ఆర్విడ్ నలభై ఏళ్లు కరెంటు పని చేసి మానుకున్నవాడు. కొడుకు మంచు తోసే లారీ మీద డ్యూటీకి పోయాడు కాబట్టి కోడలికి సాయం వచ్చాడు. కిందటేడు మారిట్ కారు దిగి, చేత్తో తలుపు ఎత్తబోయి, వాకిట్లో గడ్డకట్టిన మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఉన్న ఒక్క రిమోటూ పగిలిపోయి, ఇష్టమైతే పలుకుతుంది, లేకపోతే లేదు. ఈ కారులో ఆ బాధ లేదు. వెనక్కి చూసుకునే అద్దం కిందే మూడు మీటలున్నాయి. వాటిలో ఒకదానికి ఇంటి తలుపు నేర్పిస్తే, కారు దిగకుండానే తలుపు లేస్తుంది.

నేర్పించడం ఎలాగో నిదానంగా చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ముందు పాత రిమోట్‌ని అద్దం దగ్గర పెట్టి, రిమోట్ మీటనీ అద్దం కింది మీటనీ కలిపి నొక్కి పట్టుకోవాలి. అద్దం ఆ పిలుపు నేర్చుకుంటుంది. కానీ అది చాలదు. గ్యారేజీ కప్పుకి వేలాడే మోటారు కూడా ఒప్పుకోవాలి. మోటారు వెనక ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే అరనిమిషం పాటు మోటారు చెవి తెరుచుకుని కూర్చుంటుంది. ఆ అరనిమిషంలో పిలిచింది ఎవరైనా సరే, ఇంటిమనిషి కింద లెక్క. ఇక ఎప్పుడు పిలిచినా పలుకుతుంది. మనిషి ఎవరని అది అడగదు.

కారుతో వచ్చిన కాగితంలో ఇంకో పని కూడా రాసి ఉంది, అన్నిటికంటే పైన. పాత కారైతే ఆ చివరా ఈ చివరా ఉన్న మీటలు రెండూ కలిపి ఇరవై సెకన్లు పట్టుకుని, లోపల ఉన్నదంతా ముందు చెరిపెయ్యాలట.

"అదొద్దులే," అన్నాడు ఆర్విడ్. "మనకి కావలసింది మొదటి బటన్. మిగతా రెండింట్లో ఏముంటే మనకేం? పాత ఓనరు గ్యారేజీ ఎక్కడుందో వెతుక్కుంటూ పోతామా?"

"మొదటి పనే ఇదని రాశారు కదా."

"రాసినవాడు ఈ చలిలో ఎప్పుడైనా నిచ్చెనెక్కాడేమో కనుక్కో."

మారిట్ నవ్వేసి ఊరుకుంది. డ్రైవరు సీట్లో కూర్చుని రిమోట్‌ని అద్దానికి ఆనించి నొక్కింది. చిన్న దీపం మెల్లగా ఆరి వెలిగి, తర్వాత గబగబా కొట్టుకుంది. నేర్చుకుంది.

ఆర్విడ్ నిచ్చెనెక్కి మోటారు మీట నొక్కాడు. "కానియ్యి. అరనిమిషం."

ఆమె వేలు మొదటి మీట వైపు వెళుతోంది. ఇంకా తగలలేదు. పైన మోటారు దీపం టక్కుటక్కుమని రెండుసార్లు ఆరి వెలిగింది.

"అప్పుడే నొక్కేశావా?"

"లేదు మామయ్యా."

"మరి ఎవర్నో ఒప్పుకుంది కదా ఇది."

ఇద్దరూ బయటికి చూశారు. పక్కింటివాళ్లు చలికాలమంతా వెచ్చగా అరిజోనాలో ఉంటారు. వీధిలో మంచు తప్ప ఏమీ లేదు.

"గ్లవుజు తగిలి ఉంటుంది," అన్నాడు ఆర్విడ్. ఆమె చేతికి గ్లవుజు లేదు.

మళ్లీ చేశారు. ఈసారి ఆమె నొక్కగానే మోటారు ఒప్పుకుంది. నొక్కితే తలుపు దిగింది, వెంటనే మళ్లీ నొక్కితే లేచింది. "రాత్రి తినడానికి హాట్‌డిష్ ఓవెన్లో పెడతాను, పిల్లని తీసుకుని రా," అని ఆర్విడ్ వంటగది తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

మారిట్ సంచీ సర్దుకుంటోంది. వెనక గ్యారేజీ తలుపు కదిలిన చప్పుడైంది.

ఆమె నొక్కలేదు.

తలుపు దిగుతోంది. వీధి వెలుతురు పలక పలకగా తగ్గిపోయి, కింద రబ్బరు అంచు సిమెంటుకి తాకింది. మొదటి మీట నొక్కింది. తలుపు మోకాలెత్తు లేచింది. ఆగింది. మళ్లీ దిగిపోయింది. ఇంకోసారి నొక్కింది. మోకాలెత్తు... మళ్లీ కిందికి.

కాలిన నూనె వాసన ముక్కుకి తగిలింది. ఇంజను పొగలోని అసలు విషానికి ఆ వాసన కూడా ఉండదు. మెలకువగా ఉన్నవాళ్లకి తలనొప్పిగా వస్తుంది. నిద్రపోయేవాళ్లకి ఏమీ తెలియదు.

ముందు ఇంజను ఆపాల్సింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో. కానీ గోడ మీద తలుపు ఎత్తే మీట నాలుగడుగుల్లో ఉంది, అద్దం మీటే పాడైందనుకుంది, దూకింది. కారు తలుపు ఆమె వెనకే పడింది. నాలుగు తలుపులకీ ఒక్కసారి కిటుక్కుమని తాళం పడింది.

మీట నొక్కి నడిపే కారు కాబట్టి తాళంచెవి లోపలే, కప్పు పెట్టుకునే గూట్లో ఉంది. బ్రిటా లోపల ఉంది. ఇంజను నడుస్తోంది.

గోడ మీట నొక్కింది. తలుపు లేచింది, దిగింది. వంటగది తలుపు తెరిచింది.

"మామయ్యా. సుత్తి."

ఆర్విడ్ ఆమె మొహం చూసి పరుగున వచ్చాడు. చేతికి సుత్తి ఇచ్చి, తను మోటారుకి వేలాడే ఎర్ర తాడు లాగాడు. ఆ తాడు లాగితే తలుపుకీ మోటారుకీ సంబంధం తెగిపోతుంది, చంటిపిల్ల కూడా ఎత్తగలదు. ఆర్విడ్ రెండు చేతులూ పెట్టి ఎత్తాడు. రాలేదు. పైన మోటారు ఒంటరిగా పట్టా మీద ముందుకీ వెనక్కీ పరుగెడుతూనే ఉంది.

మారిట్ కారు ముందరి గాజులోంచి లోపలికి చూసింది. మీటల పక్కన చిన్న దీపం ఆరుతూ వెలుగుతోంది. మొదటి మీట మామూలుగా ఉంది. మూడోది మామూలుగా ఉంది. నడిమిది లోపలికి దిగి ఉంది... ఎవరో వేలు పెట్టి నొక్కి పట్టుకున్నట్టు.

వెనక బ్రిటా లేచి ఉంది. ఏడవడం లేదు. మెడ పక్కకి సాచి, ఇటు వంగి, అటు వంగి చూస్తోంది. ముందు వరసలో పొడుగాటి మనిషి కూర్చుంటే బొమ్మలాట చూడ్డానికి పిల్లలు అలాగే వంగుతారు.

మారిట్ సుత్తి ఎత్తింది.

రెండో దెబ్బకి డ్రైవరు వైపు కిటికీ పొడిపొడిగా రాలింది. చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపింది. కారు వెనక తలుపు తీసింది. పిల్లని లాక్కుంది. అదే క్షణంలో ఆర్విడ్ చేతుల్లో గ్యారేజీ తలుపు దూదిలా లేచిపోయి, ఆయన వెల్లకిలా పడబోయాడు. చలి గాలి ముఖాన కొట్టింది. అంత చలి అంత హాయిగా ఎప్పుడూ లేదు.

"తలనొప్పిగా ఉందా తల్లీ?"

"లేదు." బ్రిటా తల్లి చెవిలో గుసగుసలాడింది. "ఆయన సీట్ల మధ్యలోంచి ముందుకు వంగాడు. నాకేమీ కనబడలేదు."

"ఎవరు?"

పిల్ల తల్లి మెడలో మొహం దాచుకుంది.

ఆర్విడ్ ఆ మాట విన్నాడు. విననట్టే నిచ్చెనెక్కాడు. మోటారు మీట ఆరు సెకన్లు నొక్కి పట్టుకున్నాడు, అది అందర్నీ మరిచిపోయేదాకా. ప్లగ్గు పీకాడు. తర్వాత అద్దం కింద ఆ చివరా ఈ చివరా ఉన్న మీటలు రెండూ కలిపి పట్టుకున్నాడు. పైకే లెక్కపెట్టాడు, ఇరవై దాకా. దీపం కొట్టుకుని ఆరిపోయింది. నడిమి మీట మెల్లగా పైకి వచ్చింది.

"చెరిగిపోయింది," అన్నాడు. "ఇప్పుడది ఎవరి మాటా వినదు. ఈ పని ముందే చెయ్యమని రాసి ఉంది. నేనే వద్దన్నాను, మారిట్."

"తర్వాత, మామయ్యా. ముందు దీన్ని డాక్టరుకి చూపించాలి."

గ్యాసు పీల్చిన పిల్లని చూపించకుండా పడుకోబెట్టకూడదు. ఆస్పత్రి పది నిమిషాల దారి. ఆర్విడ్ పాత ట్రక్కు వీధి చివర ఉంది. దానికి మీటల్లేవు, కిటికీలు కూడా చేత్తో తిప్పుకోవాల్సిందే. మంచులో అక్కడిదాకా మారిట్ పిల్లని ఎత్తుకునే నడిచింది. వెనక సీటు ఎక్కి, బ్రిటాని పక్కన కూర్చోబెట్టబోయింది. పిల్ల కాళ్లు ముడుచుకుని ఒళ్లోనే ఉండిపోయింది.

"కూర్చో తల్లీ. ఇంత చోటుంది కదా."

"లేదమ్మా," అంది బ్రిటా మెల్లగా.

ట్రక్కు కదిలింది. వీధి దీపం వెలుగు లోపలికి పడి, సీటు మీదుగా జరిగి వెళ్లిపోయింది. ఆ కాస్త వెలుగులో మారిట్ అవతలి చివర చూసింది. అక్కడి సీటు బెల్టు బయటికి లాగి ఉంది. కొక్కెంలో పెట్టి ఉంది. ఛాతీ ఎత్తున బిగువుగా, గాలిలో వంపు తిరిగి నిలబడి ఉంది...

ఊపిరి పీల్చినట్టు మెల్లగా ముందుకు వచ్చింది. మెల్లగా వెనక్కి వెళ్లింది. మళ్లీ ముందుకు.