మూడు సాయంత్రాల హాజరు

ఆ లైటు కొంచెం ఇటు తిప్పండమ్మా. మీ ముఖాలు కనబడకపోతే నాకు మాట రాదు. ప్రార్థన అయింది, చాయ్ తాగారు, ఇక వినండి. వచ్చే వారం మీలో నలుగురు హాస్టళ్లకు పోతున్నారు, ధైర్యం చెప్పమని పాస్టరమ్మ అడిగింది. నా దగ్గర ధైర్యం లేదు. జరిగింది ఉంది. ప్రభువు సాక్షిగా జరిగినట్టే చెప్తాను.

పదేళ్ల కిందట నేను నల్గొండలో యూనివర్సిటీ మొదటి సంవత్సరం చేరాను. దేవరకొండ రోడ్డు వైపు ఒక మూడంతస్తుల ఇంటిని హాస్టల్ చేశారు. మా గదిలో ఇద్దరమే, నేనూ సంధ్యా. ఆమెది తుంగభద్ర ఒడ్డున రాజోలి, చీరలు నేసే ఇల్లు. పగలంతా నవ్వించేది. "గిది సాంబారా, చేతులు కడిగిన నీళ్లా?" అనేది వంటామె ముందే. రాత్రి మాత్రం బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చేది. మగ్గం చప్పుడు లేకుంటే నిద్ర పట్టదట. ఇంగ్లీషు పాఠాలు ఒక్క ముక్క అర్థం కావట్లేదట. పది రోజులకే ఇంటికొస్తానంటే బాపు కోప్పడతాడట.

ఒక శుక్రవారం పొద్దున నా మంచం మీదికి ఎక్కి కూర్చుంది.

"ఎస్తేరూ, హాజరుల నా పేరు పిలిస్తే జర నువ్వు పలుకవే."

"దొరికితే వార్డెన్ ఇద్దర్ని ఎల్లగొడ్తది."

"మంజులత మేడమ్ ఎన్నడన్న తల ఎత్తి చూసిందా? ఒక్క రాత్రి మా అమ్మ పక్కన పండుకొని రేపు వస్త. ఇంట్ల గూడ చెప్పలే, నీ ఏసయ్య మీద ఒట్టు."

"నా ఏసయ్య మీద నీ ఒట్టేందే!"

నవ్వుకుంటూ పోయింది.

రోజూ సాయంత్రం ఏడింటికి భోజనాల హాలులో వార్డెన్ పేర్లు చదివేది. నా పేరుకు పలికాను. చివర్లో సంధ్య పేరు వచ్చింది. గొంతు కొంచెం సన్నగా చేసి, "ప్రజెంట్ మేడమ్" అన్నాను. ఎంత తేలికో!

శనివారం ఆమె రాలేదు. ఫోన్ స్విచాఫ్. అమ్మ ఒడి వదలలేక ఆగిపోయిందనుకున్నాను. మళ్లీ పలికాను.

ఆదివారం చర్చిలో కూర్చున్నా నా మనసు నిలవలేదు. వార్డెన్‌కు చెప్పాలనుకున్నాను. చెప్తే నా అబద్ధం బయటపడుతుంది. మా నాయిన సాల్మన్ మేస్త్రీ పని చేసి నన్ను చేర్పించాడు. హాస్టల్ నుంచి పంపిస్తే ఆయన ముఖం ఎట్లా చూడాలి? ఊరుకున్నాను.

ఆ సాయంత్రం వాన. కరెంటు పోయింది. హాలంతా తడి చున్నీల వాసన, ఉడికిన క్యాబేజీ వాసన. ఫోన్ వెలుతురులో మేడమ్ పేర్లు చదువుతోంది.

"సంధ్య."

నేను నోరు తెరిచాను...

"ప్రజెంట్ మేడమ్."

పలికింది నేను కాదు. నా ఎడమ పక్క నుంచి వచ్చింది. సంధ్య గొంతే. తిరిగి చూస్తే చీకట్లో ఏమీ కనబడలేదు. నాకు భయం కాదమ్మా, సంతోషం! వచ్చేసింది, గండం గడిచింది అనుకుని మెట్లెక్కి పరుగెత్తాను.

రెండో అంతస్తు దగ్గర వాసన మారింది. స్పిరిటు... దూది... దవాఖాన వాసన.

గదిలో ఆమె మంచం మీద ఎవరో గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

"ఎప్పుడొచ్చినవే?"

తడిసిన శ్వాస ఒకటి... ఆగి ఆగి.

"నన్ను పిలువు..."

"ఏంది?"

"గాడ నా పేరు ఎవ్వరికి తెల్వదు... గీడ ఒక్క జాగలనే పిలుస్తున్నరు. ఇంకొక్కసారి పిలువవే..."

ఎంత చిన్న పని! పేరు పెట్టి పిలవడమే. నేను పిలవలేదు. అగ్గిపుల్ల గీశాను. మంచం ఖాళీ. దుప్పటి శుక్రవారం మడత పెట్టినట్టే ఉంది.

వేరే అమ్మాయిల గదిలో దూరి తెల్లారేదాకా కీర్తనలు చదివాను. వార్డెన్ గది ఆ పక్కనే ఉంది. తలుపు కొట్టలేదు.

సోమవారం పొద్దున కబురు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం కల్వకుర్తి దాటాక సంధ్య ఎక్కిన ఆటో బోల్తా పడింది. తలకు దెబ్బ. బ్యాగు ఎటో ఎగిరిపోయింది. దవాఖానలో పేరు తెలియని పిల్లగా మూడు రోజులు పడి ఉంది. సోమవారం తెల్లవారకముందే ప్రాణం పోయింది. ఆ తర్వాత తుప్పల్లో ఐడీ కార్డు దొరికింది.

లెక్క మీకూ అర్థమైంది కదా తల్లులారా. ఆదివారం ఏడింటికి ఆమె బతికే ఉంది.

మంగళవారం రాజోలికి పోయాను. వాళ్లమ్మ ఆండాళు ఒక మూలన స్పృహ లేకుండా పడి ఉంది. బాపు వెంకటనర్సు ఆగిన మగ్గం పక్కన కూర్చున్నాడు. కాళ్ల మీద పడ్డాను.

"బాపూ, తప్పు నాది. ఆమె లేకున్న ఉన్నదని నేనే పలికిన. నేను పలుకకుంటే ఆనాడే ఆమెను దేవులాడి పట్టుకునేటోళ్లు..."

ఆయన మెల్లగా తల ఎత్తాడు. కోపం లేదు. చెవి నా వైపు పెట్టాడు.

"మల్ల మాట్లాడు బిడ్డా."

"బాపూ..."

"గిదే గొంతు." "శుక్రారం నుంచి రోజు ఏడు గొట్టంగ ఫోన్ చేసింది నువ్వే గదా? 'మంచిగున్న బాపూ, తిన్న, ఫికర్ జెయ్యకు' అంటివి. గొంతు మారిందేంది బిడ్డా అంటే, సర్ది అయ్యిందంటివి. మంచిగున్నదంట గదా అని నేను రాకపోతి."

నేను ఫోన్ చేయలేదమ్మా. ఆయన నంబరు నాకు ఇప్పటికీ తెలియదు. మూడు సాయంత్రాలూ ఏడింటికి నేను అందరి మధ్య హాలులో ఉన్నాను. సోమవారం ఏడింటికి మోకాళ్ల మీద ప్రార్థనలో ఉన్నాను.

ఆయన నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాడు.

"నిన్న పొద్దుమీకి ఏడింటికి గూడ చేసినవు. నా బిడ్డ పీనుగు వాకిట్లనే ఉండె. అప్పుడు గూడ మంచిగున్న బాపూ అంటివి. ఎందుకు బిడ్డా?"