అత్తగారి సబ్బుముద్ద

ఏళ్లుగా పేరుకున్న సామాను వదిలించుకోవడం ఒక్కరోజులో తేలే పని కాదని కోడలికి తెలుసు. అందుకే అత్తగారు పోయాక, నిదానంగా ఒక్కో అలమరా పట్టుకుంది. పాప ఒంటిమీద దద్దుర్లకి ఇంట్లో దుమ్మే కారణమని డాక్టరమ్మ తేల్చి చెప్పింది మరి. కట్టదగ్గ చీరలు అడిగినవాళ్లకి ఇచ్చేసింది. సీసాలు, కాగితాలు పాతసామాన్లవాడి బండెక్కాయి. తుప్పు డబ్బాల్లో బొద్దింకలు పిల్లాపాపలతో కాపురాలు చేస్తుంటే, ముక్కు మూసుకుని చెత్తబండిలో దులిపింది. మొగుడు మాత్రం, తన వంతు ఎప్పుడని వేళాకోళమాడి ఊరుకున్నాడు.

చివరికి మిగిలింది స్నానాలగది గూట్లో ఉన్న సబ్బుముద్ద.

అరిగిన సబ్బుపెచ్చుల్ని అత్తగారు పారేసేది కాదు. ఇంట్లో ఎవరు వాడినదైనా సరే, పెచ్చు మిగిలితే తడిచేసి ఆ ముద్దకే అదిమేది. అదిమి అదిమి కొబ్బరికాయంత చేసింది. బూడిదరంగు. పగుళ్లలో నల్లటి జిడ్డు. తెల్లవెంట్రుకలు, నల్లవెంట్రుకలు, ఒకచోట గోరుముక్క. పైపైన సబ్బు వాసన, అడుగున విరిగిన పాల కంపు. ఒకసారి కోడలు మొహం చిట్లిస్తే ఆవిడ నవ్వి, "పోయినా మీ మామయ్య ఇందులోనే ఉన్నారే," అంది. ఆ పూట కోడలికి ముద్ద గొంతు దిగలేదు.

ఇప్పుడు చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని దాన్ని లాగింది. రాలేదు. బలంగా పీకితే, ఎవరో చప్పరిస్తున్నట్టు చప్పుడు చేస్తూ ఊడింది. మెత్తగా, గోరువెచ్చగా ఉంది. అడుగు నుంచి దారంలా జిగురు సాగింది. పీడ విరగడైందనుకుని, చెత్తబండి దాకా తనే మోసుకెళ్లి పడేసి, గూడంతా బ్రష్షుతో కడిగింది.

మర్నాడు సాయంత్రం పాప స్నానానికి వెళ్లింది. ఎంతసేపటికీ రాదు. లోపల ఏదో రుద్దుతున్న చప్పుడు. నిదానంగా... తెరిపి లేకుండా...

"చాలు, ఇక రామ్మా."

"నాయనమ్మ వదలట్లేదు."

కోడలు తలుపు తోసింది.

పాప ఒక్కతే ఉంది, పీట మీద. బకెట్లో చుక్క నీళ్లు లేవు. పాప ఒళ్లంతా నురగ. విరిగిన పాల కంపు... ఒంటిమీద దద్దుర్లు లేవు. ఒక్కటీ లేదు. భుజం మీది పుట్టుమచ్చ కూడా లేదు.

గూట్లో, నిన్న కడిగిన చోటే, ఉసిరికాయంత ఉండ. కొత్తది. తడిగా ఉంది. దానికి అంటుకుని ఒక మెత్తటి ఉంగరాల వెంట్రుక... ఒక బుల్లి గోరు.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"లేదమ్మా," పాప గుసగుసగా అంది. "కొంచెమే అరిగావంది."

కోడలు పాప చేయి పట్టుకుని బయటికి లాగబోయింది. జారిపోయింది. మళ్లీ పట్టుకుంది. అరచేతిలో గీతలు తగల్లేదు. వేళ్ల మధ్య సందులు తగల్లేదు. నున్నగా... జారుతూ...

రెండు చేతులతో పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే, అంత నురగ.