నిన్నటి కట్టలో లేని బొమ్మ

"మత్తులో నీ నోరు జారిందో, మనవాడి ప్రాణం పోతుంది గోత్యే," అన్నాడు బ్యూరో చీఫ్, మాంట్రియల్ ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి.

విదేశీ ముఠాని వదిలి పారిపోయి వచ్చినవాణ్ణి కొత్త పేరుతో దాచినవాడు ఏజెంట్ గోత్యే. ఆ పేరు చీఫ్‌కి కూడా తెలియదు. ఇప్పుడు గోత్యే మెదడులో, మాటలు పుట్టే చోటే గడ్డ. మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూనే కొయ్యాలి.

"కాపలాకి మన నదీన్‌ని పంపిస్తున్నా. నిన్ను మాట్లాడించడానికి బొమ్మలు చూపించే అమ్మాయి వేషంలో."

నదీన్ ఆ సాయంత్రమే వంద బొమ్మలు చూపించింది. గోత్యే తడబడ్డవి పక్కన పడేసి, మిగతా డెబ్భై పేర్లూ మత్తు డాక్టర్ సోలాంజ్ కాగితం మీద రాసుకుంది.

మర్నాడు ఆపరేషన్ థియేటర్‌లో సోలాంజ్ మత్తు తగ్గించి అతని బుగ్గ తట్టింది. "లే నాయనా. తల కదపకు, బిగించేశాం. నొప్పుందా?"

"లేదు. ఆకలేస్తోంది."

"పుర్రె తెరిచి పెట్టుకుని తిండి గోలేంటయ్యా."

నదీన్ బొమ్మలు తిప్పసాగింది. మాస్కు పైన, బ్యూరో అంతా కలవరించే ఆ కళ్ళు.

"ఇది?"

"పడవ."

"ఇది?"

"దువ్వెన."

నలభై దాటేసరికి నాలుక తనంతట తనే పరిగెడుతోంది. నలభై ఒకటోది బొమ్మ కాదు. ఫోటో. తను దాచిన మనిషిది.

"ఇతని పేరు..." అంది నదీన్.

నదీన్ టోపీ అంచున గుండుసూది తలంత మైకు. సొంత మనిషే అమ్ముడుపోయింది. అరిచి చెబుదామంటే, నోరు తెరిస్తే ముందు దొర్లేది ఆ పేరే. నోరు మూస్తే, మాట పోయిందనుకుని సర్జన్ కత్తి పక్కన పెట్టేస్తాడు, గడ్డ లోపలే మిగులుతుంది.

మిగిలితే మిగలనీ. నా నోరు నా ఇష్టం. గోత్యే పళ్ళు బిగించాడు.

"మాట ఆగింది," అన్నాడు పరదా అవతల సర్జన్ క్లూతియే. "నేనేం ముట్టుకోలేదే. ఇక ఆపేద్దామా?"

"అలిసిపోయాడు డాక్టర్, మళ్ళీ చూపిస్తా," అంది నదీన్.

"ఆగమ్మా, ఏ బొమ్మ దగ్గర ఆగాడో చూడనీ." సోలాంజ్ కాగితం తీసింది. "ఇందులో మనుషుల మొహాలే లేవు. ఇదెక్కడిది?"

గుట్టు బయటపడకుండా అతన్ని మత్తులో ముంచేయాలని నదీన్ చెయ్యి మత్తు పంపు మీదికి దూకింది. మీట నొక్కేలోపు సోలాంజ్ ఆమె మణికట్టు పట్టేసింది. "నా పంపు ముట్టుకుంటే విరిచేస్తా."

సోలాంజ్ కేక విని, బయటున్న చీఫ్ మనుషులు లోపలికొచ్చి, ఫోటో, మైకు చూసి నదీన్‌ని పట్టుకున్నారు.

సోలాంజ్ గోత్యే మొహం మీదికి వంగింది. "ఇప్పుడు మాట్లాడు నాయనా, కొయ్యాలో వద్దో తేలాలి. ఎదురుగా ఏం కనిపిస్తోంది?"

"సంకెళ్ళు," అన్నాడు గోత్యే. "నిన్నటి కట్టలో ఇదీ లేదు. అయినా గుర్తుపట్టా. కానివ్వండి."