కింది గదిలో కీ నొక్కిందెవరు

మందుల గోదాములో కింది గదికి చీకటిపడ్డాక ఎవరూ దిగేవారు కాదు.

పగలైనా ఇద్దరిద్దరుగానే దిగేవారు. ఒకరు పెట్టె మోస్తుంటే ఇంకొకరు పక్కన కబుర్లు చెప్పేవారు, చెవిలో ఏదో ఒక మనిషి గొంతు పడుతూ ఉండాలని. పదిహేడు మెట్లు. మెట్ల చివర ఇనుప తలుపు. తలుపు వెనక ఒక ఇరుకు గది... అందులో ఓ కుర్చీ, ఓ బల్ల, బల్ల మీద తెర, కీబోర్డు, గోడకి తగిలించిన అరచెయ్యంత కంప్యూటరు. ఆ గదికి ఆ చివర చల్లగది. పిల్లలకి వేసే టీకాలన్నీ అందులోనే ఉంటాయి.

పాత స్టోర్‌కీపరు ఆ కుర్చీలోనే పోయాడని చెప్పుకునేవారు. నిజానికి ఆయన పోయింది ఇంట్లో, మంచం మీద, నలుగురి మధ్య. కానీ ఆరు నెలలు తిరిగేసరికి ఆయన చావు మెల్లమెల్లగా నడుచుకుంటూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

ఇదంతా నాకు మా వదిన చెప్పింది. వదిన చెబితే నేను నమ్ముతాను. కల్పించి చెప్పేంత ఓపిక ఆవిడకి లేదు.

ఆవిడ పనే అది, ఇలాంటి చిన్న చిన్న కంప్యూటర్లలో వాటిని నడిపే లైనక్స్‌ని ఎక్కించడం, ఎక్కనంటే ఎందుకు ఎక్కనంటున్నాయో కనుక్కోవడం. గోదాము వాళ్ళు పిలిచింది అందుకే. గోడ మీది ఆ కంప్యూటరు చల్లగదిలో వేడి ఎంతుందో కనిపెట్టుకుని ఉండాలి. హద్దు దాటితే సైరన్ మోగించాలి. పగలు కరెంటు పోదు, బంగారంలా చేస్తుంది. రాత్రి కరెంటు పోయి వచ్చిందా... ఇక లేవదు.

ఎందుకు లేవదో తెలియాలంటే ఒక చిన్న సంగతి తెలియాలి. కరెంటు తగలగానే లైనక్స్ తనంతట తాను లేవదట. ముందు బూట్‌లోడర్ అని ఒక చిన్న ప్రోగ్రాం లేస్తుంది. ఇంట్లో అందరికన్నా ముందు లేచి మిగతావాళ్ళ దుప్పట్లు లాగే పెద్దమ్మ ఉంటుంది చూడండి, అలాంటిది. అయితే ఈ పెద్దమ్మకి కాస్త మర్యాద ఎక్కువ. లైనక్స్‌ని లేపే ముందు, "ఆపాలంటే ఏదో ఒక కీ నొక్కండి" అని మూడంకెలు లెక్కపెడుతుంది. మూడు... రెండు... ఒకటి... ఎవరూ నొక్కకపోతే లేపేస్తుంది. ఎవరైనా నొక్కారో, ఏం చెయ్యమంటారో చెప్పండని చేతులు కట్టుకుని నిలబడుతుంది. చెప్పేవాళ్ళు లేకపోతే తెల్లారేదాకా నిలబడే ఉంటుంది.

ఆ గదిలో, కరెంటు పోయి వచ్చిన ప్రతి రాత్రీ, ఎవరో నొక్కుతున్నారు.

గదికి తాళం. లోపల పురుగు లేదు. తెల్లారి చూస్తే తెర మీద అంకె 'రెండు' దగ్గర ఆగి ఉంటుంది.

అలా రెండుసార్లు సైరన్ మోగలేదు. రెండుసార్లూ మందులు వేడెక్కాయి. పెట్టెలకి పెట్టెలు పారబోశారు. లైనక్స్ ఎక్కించినవాళ్ళు తప్పు కంప్యూటరు పెట్టెది అన్నారు. పెట్టె అమ్మినవాళ్ళు తప్పు లైనక్స్‌ది అన్నారు. తప్పు తమది కాదన్న ఒక్క విషయంలో ఇద్దరికీ మాట కలిసింది. దాంతో మూడో మనిషి కావలసి వచ్చాడు. పాత స్టోర్‌కీపరుకి కంప్యూటరంటే పడేది కాదు... గోడకి థర్మామీటరు, చేతిలో నోటు పుస్తకం, అంతే ఆయన లోకం. పైగా పోయినవాడు ఉత్తరం రాస్తే జవాబివ్వడు. అందరికీ ఆయనే నచ్చాడు.

అప్పటికి వదిన పగటిపూట మూడుసార్లు వెళ్ళొచ్చింది. మెమరీ కార్డు మార్చింది. లైనక్స్ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించింది. పవర్ అడాప్టర్ కూడా మార్చింది. పదిసార్లు పెట్టె ప్లగ్గు పీకి పెడితే పదిసార్లూ ఒద్దికగా లేచింది. ఆ రాత్రే మళ్ళీ ఆగిపోయింది.

"రాత్రి నేనిక్కడే ఉంటాను సార్," అంది గోదాము ఆఫీసరుతో. "రేపు కొత్త టీకాలు వస్తున్నాయి కదా."

ఆఫీసరు మెత్తని మనిషి. పేపర్‌వెయిట్‌ని కాసేపు తిప్పాడు. "ఎందుకమ్మా అంత శ్రమ. కారణం తెలియలేదు అని ఒక ముక్క రాసిచ్చి వెళ్ళండి. ఫైలు మూసేస్తాను."

"కారణం తెలియకుండా ఎలా మూస్తారు?"

"తెలిస్తేనేనమ్మా మూయడం కష్టం," అన్నాడాయన.

వదిన వినలేదు.

రాత్రి పదకొండు. గోదాములో ఉన్నది ఇద్దరే, వదిన, కాపలా బాబాయ్. ఆయన పదిహేడు మెట్లలో పదహారు దిగి ఆగిపోయాడు.

"ఇక్కణ్ణుంచి నువ్వెళ్ళమ్మా. నాకు మోకాళ్ళు నొప్పి."

"ఒక్క మెట్టే కదా బాబాయ్."

"ఆ మెట్టే నొప్పి," అన్నాడు గొంతు తగ్గించి. "రాత్రిళ్ళు వెంటిలేటర్లోంచి వెలుగు కనిపిస్తుందమ్మా."

వదిన లోపలికి వెళ్ళి ముందు కీబోర్డు ఊడదీసింది. నొక్కడానికి కీ అనేదే లేకుండా దాన్ని బల్ల సొరుగులో పెట్టి సొరుగు మూసింది. ఈసారి పెట్టె ప్లగ్గు పీకలేదు. అసలు కరెంటు పోయినట్టే ఉండాలని, పైకెళ్ళి మెయిన్ స్విచ్ దించమంది బాబాయ్‌ని.

గుప్పున చీకటి. చల్లగది మిషను గుర్రుమని, గుర్రుమని... ఆగిపోయింది. అది ఆగాక గానీ అంతసేపూ అది మోగుతోందని వదినకి తెలియలేదు.

ఐదు నిమిషాలు. తరవాత కరెంటు వచ్చింది.

తెర వెలిగింది. మూడు...

రెండు...

ఆగింది.

కీబోర్డు సొరుగులోనే ఉంది. వదిన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తెర మీద మాత్రం అక్షరాలు పడుతున్నాయి, ఒకటి, కాసేపాగి ఇంకొకటి... ముసలివాళ్ళు ఒక్క వేలితో వెతుక్కుంటూ టైపు చేసినట్టు. మాటలు కావు. ఏ భాషా కాదు.

"నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు," అంది వదిన నాకు చెబుతూ. "కానీ ఆ నిమిషంలో నా నమ్మకాన్ని ఎవరూ అడగలేదు. వెన్ను దానంతటది చల్లబడింది."

మళ్ళీ దింపించింది. మళ్ళీ చీకటి. ఈసారి ఆ చీకట్లో—

తాళం తిరిగిన చప్పుడు.

మెట్ల వైపు కాదు. వెనక పల్లంలో ఉన్న సందులోకి తెరుచుకునే చిన్న తలుపు ఒకటుంది, ఎవరూ వాడరు. అది తెరుచుకుంది. నేల మీద పసుపుపచ్చని వెలుగు గుండ్రంగా పడి, పాకుతూ, పాకుతూ... కుర్చీ దగ్గరికొచ్చి ఆగింది. ఆ వెలుగులో వదిన పాదాలు.

అవతలి నుంచి సన్నగా ఒక గొంతు. "ఎవరు... ఎవరది?"

దెయ్యం అలా అడగదు. వదినకి ప్రాణం లేచొచ్చింది. "కంప్యూటరు బాగుచెయ్యడానికి వచ్చాను. నువ్వెవరు?"

పాత స్టోర్‌కీపరు కూతురు. వెనక సందులోనే ఇల్లు. చేతిలో టార్చి, చంకలో నోటు పుస్తకం.

"కరెంటు పోతే వస్తానక్కా," అంది మెల్లగా. "థర్మామీటరు చూసి రాసుకుని వెళతాను. రెండోసారి మందులు పారబోశాక మొదలుపెట్టాను. నాన్న తాళంచెవి తిరిగిమ్మని ఎవరూ అడగలేదు... మందులు నాన్నే పాడుచేస్తున్నాడని మాత్రం అందరూ అంటున్నారు. ముప్పై ఏళ్ళు ఒక్క సీసా పగలనివ్వలేదు మా నాన్న. మూడోసారి జరిగితే ఆ మాటే నిలబడిపోతుందక్కా."

వదిన కుర్చీ జరిపి కూర్చోమంది. ఆ అమ్మాయి ఆ కుర్చీలో ఏ జంకూ లేకుండా కూర్చుంది.

కూర్చుని, పెట్టె కిందినుంచి గోడలోకి వెళ్ళే సన్నని తీగని టార్చితో చూపించింది. "ఇదింకా ఉందా? పైన నాన్న గదిలో ఇంకో తెర, ఇంకో కీబోర్డు పెడతామని లాగారు. అవి రానేలేదు."

వదిన టార్చి అందుకుంది. మూడు పోగుల తీగ. పెట్టెకి అతికించే ఉంది. గోడ వెంబడే పోయి, చల్లగది మిషను వెనకనుంచి, దాని మోటారుని ఆనుకుని పైకెక్కి, మేడ మీద ఓ ఖాళీ గదిలో దేనికీ తగలకుండా వేలాడుతోంది. అవతల మనిషి లేడు, కీబోర్డు లేదు. ఇవతల బూట్‌లోడరు మాత్రం పాపం ఆ తీగకి చెవి ఆనించి వింటూనే ఉంది.

కరెంటు రాగానే పెట్టె, మిషనూ ఒకేసారి లేస్తాయి. అంత పెద్ద మోటారు ఒళ్ళు విరుచుకుంటే పక్కనున్న తీగ అదురుతుంది. ఆ అదురునే బూట్‌లోడరు కీ నొక్కారనుకుంటోంది. పగలు వదిన ఒక్క పెట్టెకే ప్లగ్గు పీకి పెట్టింది. మోటారు జోలికి పోలేదు. అందుకే పగలు దెయ్యం లేదు.

ఆ తీగని కత్తెరతో టక్కున కత్తిరించి, కరెంటు వేయించింది. ఇకమీదట ఏ కీ పడితే ఆ కీకి ఆగొద్దని, ఫలానా మాట మొత్తం టైపు చేస్తేనే ఆగమని బూట్‌లోడరుకి బుద్ధి కూడా చెప్పింది. మెయిన్ స్విచ్ దింపించింది, ఎత్తించింది. మూడు, రెండు, ఒకటి... లైనక్స్ లేచింది. ఏడుసార్లు దింపితే ఏడుసార్లూ లేచింది.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర బాబాయ్‌తో, "నీ దెయ్యం ఈ అమ్మాయే బాబాయ్. వెంటిలేటర్లోంచి నీకు కనిపించే వెలుగు ఈమె టార్చిది," అంది.

బాబాయ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఈ పిల్ల వచ్చేది నాకెందుకు తెలియదమ్మా. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా," అన్నాడు గుసగుసగా. "నేను చెప్పేది... ఈ పిల్ల వెళ్ళిపోయాక వచ్చేదాని సంగతి."

వదిన ఆ రాత్రి దీపం ఆర్పకుండా పడుకుంది.

పొద్దున రిపోర్టు రాసిచ్చింది. ఆఫీసరు రెండుసార్లు చదివాడు. "తీగ అని రాస్తే, ఎవరు వేశారు, ఎందుకు తియ్యలేదని అడుగుతారమ్మా. దెయ్యాన్నయితే ఎవరూ ఏమీ అడగరు," అన్నాడు. అయినా తీసుకున్నాడు. పదింటికి కొత్త టీకాలు వచ్చాయి. చల్లగది నిండింది.

ఆ రాత్రి నిజంగానే కరెంటు పోయింది. గంట తరవాత వచ్చింది.

వదిన ఇంట్లో నిద్రలో ఉంది. ఫోను గుంయిమంది. చల్లగది కంప్యూటరు నుంచి సందేశం, హద్దు దాటితే తనకీ చెప్పమని వదిన ముందు రాత్రే దానికి నేర్పి వచ్చింది. వేడి హద్దు దాటింది.

స్కూటరు మీద పది నిమిషాల్లో అక్కడుంది. సైరన్ వీధి మొత్తాన్ని లేపేసింది. జనం గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు, లోపలికి అడుగు పెట్టకుండా. పాత స్టోర్‌కీపరు కూతురు జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

కాపలా బాబాయ్ మెట్ల మీద ఉన్నాడు. ఈసారి పదిహేడూ దిగాడు. ఇనుప తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"దొరికిందమ్మా," అన్నాడు. "వెనక తలుపుకి బయట గొళ్ళెం పెట్టేశా. ఇటు కూడా పెట్టేశా. లోపలే ఉంది. నడుస్తోంది... ఏవో ఈడుస్తోంది."

వదిన చెవి ఆనించింది. నిజమే. పెట్టెలు జరుపుతున్న చప్పుడు. మధ్యమధ్యలో దగ్గు.

గొళ్ళెం తీసింది.

చల్లగది తలుపు బార్లా తెరిచి ఉంది. పొగలా తెల్లగా చలి బయటికి వస్తోంది. ఆ తెల్లదనంలోంచి ఒక ఆకారం వెనక్కి వెనక్కి నడుచుకుంటూ, రెండు చేతులా బరువు మోస్తూ బయటికొచ్చింది.

ఆఫీసరు.

ఓ చేతిలో తడి సంచి. ఇంకో చేతిలో ఇంకో తడి సంచి. ఒక దాంట్లోంచి చేప తోక బయటికి వేలాడుతోంది.

సైరన్ మోగుతూనే ఉంది.

"ఇంట్లో... ఫ్రిజ్జులో చేపలు పెడితే మా ఆవిడ ఊరుకోదు," అన్నాడాయన చివరికి. "ఇవి తీసేద్దామనే..."

సైరన్ ఎందుకు మోగలేదని అందరూ అడిగారు గానీ, అసలు ఆ రెండు రాత్రులూ కరెంటు వచ్చాక కూడా గది ఎందుకు వేడెక్కిందని ఒక్కరూ అడగలేదన్న సంగతి వదినకి అప్పుడు తట్టింది. రెండు చేతులా బరువున్నవాడు తలుపు కాలితోనే కదా నెడతాడు. ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు. పడని రాత్రి చలంతా బయటికి పోతుంది.

వదిన వెనకే దిగిన పాత స్టోర్‌కీపరు కూతురు ముందుకు కదిలింది. ఆయన పక్కనుంచి లోపలికి వెళ్ళి, టార్చి వేసి థర్మామీటరు చూసింది. గోడకి ఆనించి నోటు పుస్తకంలో అంకె వేసింది, టైము వేసింది. తరవాత వెనక్కి తిరిగి, ముందునుంచీ ఆయన్ని ఎలా పిలిచేదో అలాగే, మర్యాదగా చెప్పింది.

"సార్... ఆ తలుపు వెయ్యండి. మందులు వేడెక్కుతున్నాయి."