తల్లి పేరు: మాసమ్మ

ఆషాఢ అమావాస్య... ఆదివారం... సాయంత్రం నాలుగున్నర. రాహుకాలం నోరు తెరిచిన ఘడియ!

అశోక్‌నగర్ మీద కారుమేఘాలు కాటుక కుండ బోర్లించినట్టు కమ్ముకున్నాయి. పట్టపగలే చీకటి. ఒక్క ఉరుముకు హాస్టళ్ల రేకులు దడదడలాడాయి. నాలుగంతస్తుల స్టడీ హాలు పైన, నీళ్ల ట్యాంకు మీద, పగలు కంటపడకూడని గుడ్లగూబ కూర్చుని కూసింది... ఆగి, మళ్లీ కూసింది...

కింది అంతస్తుల్లో రెండు వందల మంది పుస్తకాల్లో తలలు దూర్చి ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. ఉద్యోగం తప్ప వాళ్లకు ఇంకో దయ్యం తెలియదు.

నాలుగో అంతస్తులో షట్టరు దించుకుని కూర్చున్నాడు హాలు యజమాని. ఊళ్లో వాడు రాజేశం. పట్నంలో రాజేశ్వరానంద స్వామి. ఎదుట రక్తవర్ణపు ముగ్గు... ముగ్గు నడుమ కంప్యూటరు... దాని పక్కన మనిషి పుర్రె! కుడి కంటి గుంతలో గుచ్చిన కెమెరా ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది.

వెనకటి మాంత్రికుడు తలవెంట్రుక కోసం తిరగాలి, పాదధూళి ఏరుకోవాలి, వల్లకాటికి నడవాలి. వీడికి ఆ కష్టం లేదు. హాలులో చేరిన పేదపిల్లలు ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉంచుకుంటారు. ఇక్కడినుంచి ఇంటర్నెట్ మీద దాన్ని తెరిచి, దాచుకున్న నోట్సు చదువుకుంటారు. వాళ్లు కొట్టే ఇంటి కంప్యూటరు నంబరు వీడికి చేరుతుంది. మంత్రంలో పిలవడానికి తండ్రి పేరు, తల్లి పేరు ఫారంలో ఉంటాయి. చేతబడికి మిగిలిన నియమం ఒక్కటే... లోపలివాళ్లు రమ్మంటేనే క్షుద్రశక్తి గడప దాటుతుంది. ఆ గడప ఇప్పుడు తెర మీదే ఉంది. "అనుమతించు" అని ఆకుపచ్చ గడి వస్తుంది. ఇంట్లోవాళ్లు బిడ్డే అనుకుని నొక్కుతారు. అంతే... ద్వారం తెరుచుకుంటుంది!

అలా ఇరవై గడపలు దాటాడు. ఇరవై ప్రాణాలు పుర్రెలో పోశాడు. పోయిన నెల ముషీరాబాద్‌లో బుగ్గయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే నల్లబడి కూలిపోతే, ఈ హాలులోనే చదివే కొడుకు కళ్యాణ్ గుండెపోటే అనుకుని ఏడ్చాడు. బస్తీ చావుకు కారణం ఎవడు అడుగుతాడు?

ఇరవయ్యొకటో ప్రాణం పడితే వీడికి మరణం లేదు. ఫారాల కట్టలోంచి ఒకటి లాగాడు. స్వర్ణ. తల్లి పేరు: మాసమ్మ. పాలమూరు నుంచి వచ్చి, అడ్డా మీద నిలబడి పని వెతుక్కునే కూలీ. చిక్కడపల్లి వెనక బస్తీలో ఒంటిగది.

వీడు మీట నొక్కాడు. అక్కడ, ఉల్లిగడ్డలు కోస్తున్న మాసమ్మకు తెర మీద గడి కనిపించింది. చదువు రాదు ఆమెకు. పచ్చటిది వస్తే నొక్కమని బిడ్డ నేర్పింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని నొక్కింది.

అదే సమయానికి మొదటి అంతస్తులో స్వర్ణ ఇంటి కంప్యూటరు నంబరు కొట్టింది. తన పిలుపుకు అమ్మ మళ్లీ పచ్చగడి నొక్కకముందే తెర తెరుచుకుంది. ఎవరూ ముట్టుకోకుండానే బాణం గుర్తు దానంతటదే పాకుతోంది... కెమెరా కిటికీ తెరుచుకుంది... అందులో అమ్మ!

మాసమ్మ తల వెనక్కి విరిగినట్టు వాలింది. కొప్పు ఊడింది. కనుగుడ్లు తెల్లబడ్డాయి. మగగొంతు నవ్వుతూ ఆమె నోట్లోంచి వచ్చింది. అడుగులో అడుగు వేసుకుంటూ పొయ్యి దగ్గరికి నడిచింది. మంట పెద్దది చేసింది. కుడిచెయ్యి అందులో పెట్టింది!

పెట్టి, అలాగే ఉంచింది. నొప్పి ఆమెకు తెలుస్తోంది. ఆ తెల్లటి కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. చెయ్యి మాత్రం వెనక్కి రాదు. చర్మం చిటచిటమనడం ఇయర్‌ఫోన్లలో స్వర్ణకు వినిపించింది.

తెర మూలన, ఇంటిలోకి జొరబడిన కంప్యూటరు పేరు ఉంది: హాలు, నాలుగో అంతస్తు.

స్వర్ణ మెట్లు ఎక్కింది. ఏమైందో తెలియక పక్క కుర్చీలోని కళ్యాణ్ వెంట పరుగెత్తాడు.

"సార్... షట్టర్ తీయుండ్రి. మా అమ్మ చెయ్యి కాలుతుంది సార్."

"కాలనీ." లోపలి గొంతు వార్తలు చదివినంత తాపీగా ఉంది. "నాకు కావలసింది చెయ్యి కాదు. ప్రాణం. అదే రావడం లేదు."

"కాల్మొక్త సార్. గామెను ఇడిచిపెట్టుండ్రి. నన్ను తీస్కోండ్రి."

"నిన్నేం చేసుకోను? ఫారంలో తల్లి పేరు కూడా సరిగ్గా రాయలేకపోయావు. మాసమ్మ అట. ఏ నిఘంటువులో ఉందమ్మా ఆ మాట? అపశబ్దంతో పిలిస్తే ఒళ్లు లొంగినా ప్రాణం చిక్కదు, ప్రయోగం తిరిగి నా మెడకే చుట్టుకుంటుంది. ముషీరాబాద్ బుగ్గయ్య చూడు, పిలవగానే వచ్చేశాడు."

సార్ సార్ అంటూ షట్టరు బాదుతున్న కళ్యాణ్ చెయ్యి ఆగిపోయింది.

"గదే పేరు సార్," అంది స్వర్ణ. "ఆధార్ కార్డుల సుత గదే ఉన్నది."

"కార్డు రాసినవాడూ మీలాంటివాడే. మహిషమ్మ మైసమ్మ అయింది, మైసమ్మ మీ నోళ్లలో నలిగి మాసమ్మ అయింది. మంత్రంలో మైసమ్మ అనే అనాలి."

స్వర్ణ ఏడుపు ఆగింది.

చున్నీతో ముఖం తుడుచుకుంది. షట్టరుకు నోరు ఆనించింది. "అవును సార్. మా తాత గా తల్లికి మొక్కే గా పేరు పెట్టిండు. మీరు సదువుకున్నోళ్లు. పిలువుండ్రి సార్. శుద్ధంగ పిలువుండ్రి."

వాడు పిలిచాడు. పల్లెయాసను నలభై ఏళ్లు తోమి తోమి వదిలించుకున్న నాలుకతో, అక్షరం అక్షరం విడదీసి, మూడుసార్లు పిలిచాడు... "మైసమ్మా! నా గడప దాటి రా! నా ఎదుట నిలువు! ఇది నా ఆజ్ఞ!"

ఆజ్ఞ! చెరువు కట్టల మీద కాపలా కూర్చుని ఈ ఊరిని కాసే తల్లికి ఆజ్ఞ!

పిడుగు పడింది. చిక్కడపల్లి గదిలో పొయ్యి ఆరిపోయింది. మాసమ్మ తల నిటారుగా లేచింది. తెల్లటి కళ్లు నిప్పుకణికలయ్యాయి. మగగొంతు గొంతులోనే నలిగి చచ్చింది. ఆమె పూనకంతో శిగమూగుతూ కెమెరా వైపు తిరిగి, వాడి తెరంతా ముఖమై నిండింది.

"పిలిస్తివి... వచ్చిన. యాట ఏది?"

వాడు చుట్టూ తడుముకున్నాడు. ఆ తల్లిని పిలిచినవాడు బలికి యాట చూపించాలి, మేకపోతునైనా, కోడినైనా. వాడి ముగ్గులో పుర్రె తప్ప ఏమీ లేదు.

"గా పుర్రెల ఇరవై మంది ఉన్నరు. వాళ్లు నా పిల్లలు. ఇంగ నువ్వొక్కనివే ఉన్నవ్ రా."

తెర మీద బాణం గుర్తు కదిలింది. ఎడమకు జరిగింది... వాడి మెడ ఎడమకు తిరిగింది. ఇంకొంచెం జరిగింది... మెడ ఇంకొంచెం తిరిగింది. వాడు రెండు చేతులా తల పట్టుకుని ఆపబోయాడు. బాణం ఆగలేదు. తొందరా పడలేదు. ఒక్కో వెంట్రుకవాసి... ఒక్కో ఎముక చిట్లేదాకా...

"అవ్వా... సస్తున్ననే... ఇడువే తల్లీ... కళ్యాణూ, షట్టర్ ఇరగ్గొట్టు బిడ్డా..."

ఇస్త్రీ మడతల భాష ఊడిపోయి ఊరి భాష బయటపడింది. కళ్యాణ్ మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏంది సార్, సమజైతలేదు. జర శుద్ధంగ చెప్పుండ్రి."

లోపల మెడ ఎముక విరిగినట్టు ఒక చప్పుడు. తరవాత పుర్రె పగిలిన చప్పుడు. ఇరవై నిట్టూర్పులు షట్టరు కిందినుంచి చల్లగా జారి, కళ్యాణ్ పాదాలను తాకి, మెట్లు దిగి వెళ్లిపోయాయి. మర్నాడు షట్టరు కోసి తీసినవాళ్లకు రాజేశం వీపు మీద ముఖంతో కూర్చుని కనిపించాడు.

స్వర్ణ అప్పటికే వానలో పరుగెడుతూ ఉంది. బస్తీ చేరేసరికి అమ్మలక్కలు మాసమ్మ కాళ్ల మీద పసుపునీళ్లు పోసి, వేపమండలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మాసమ్మకు ఏదీ గుర్తులేదు. దేవత వచ్చింది, పోయింది. కాలిన చెయ్యి కాలినట్టే ఉంది. మూడు వేళ్లు బొగ్గయ్యాయి. ఇటుకలు మోసిన చెయ్యి అది.

"అమ్మా, దవాఖానకు పోదాం లే. ఆటో ఉన్నది."

"పోదాం తియ్. పొద్దుగాలకెల్లి ఏం తినలే బిడ్డ. గీ చెయ్యి లేస్తలేదు. ఎడమ చేత్తోని తింటే మంచిగుండదు గద?"

స్వర్ణ కింద కూర్చుంది. కుండలోని చల్లన్నం ముద్ద కలిపి, తల్లి నోట్లో పెట్టింది. మాసమ్మ నమిలింది, మింగింది, మళ్లీ నోరు తెరిచింది.