వియ్యంకుడి పళ్ళెంలో బిస్కోటి

ఆదివారం ఉదయం కలకత్తా గార్డెన్ రీచ్‌లోని ఆ రెండు గదుల క్వార్టరంతా యాలకుల వాసన. అరుంధతి వంగి ఓవెన్ అద్దంలోంచి చూసి తనలో తనే నవ్వుకుంది. బాదం పలుకులు కలిపి దుంగల్లా పొడుగ్గా పెట్టిన పిండి పైన సన్నగా బీటలిచ్చి బంగారు రంగు తిరుగుతోంది. పెళ్ళయి మూడు నెలలు. గంగ మీద స్టీమరు కూత, భర్త పట్టాభి చొక్కాకి గుండీ కుట్టడం, నిన్నగాక మొన్న కొన్న ఈ ఓవెను, అన్నీ ఆమెకింకా పండగే.

పెళ్ళయిన కొత్తలో పార్క్ స్ట్రీట్ హోటల్లో కాఫీతో పాటు మొదటిసారి తిన్నారిద్దరూ ఈ ఇటలీ బిస్కెట్టు, బిస్కోటి. ఒకసారి కాల్చి, ఏటవాలుగా ముక్కలు కోసి, తడి లేకుండా మళ్ళీ కాలుస్తారు. ఇవాళ అది నాన్న కోసం. విశాఖలో బ్యాంకు ఆఫీసరుగా రిటైరైన వెంకటరత్నానికి ఈ సంబంధం ఇష్టం లేదు. అల్లుడు జూట్ మిల్లు కార్మికుడి కొడుకు, పోర్టులో గుమస్తా. ఇన్నాళ్ళకి మొదటిసారి కూతురింటికి వస్తున్నాడు. పట్టాభి హౌరా స్టేషన్‌కి వెళ్ళాడు. నాన్న ఈ ఇంట్లో కూర్చుని, కూతురు సుఖంగానే ఉందని నమ్మితే చాలు ఆమెకి.

రెండో కాల్పు అయిన మొదటి వాయి పళ్ళెంలో ఆరుతుండగా అత్తగారు కామాక్షమ్మ బజారు నుంచి చేపల సంచితో వచ్చింది. ఒక ముక్క తీసి పళ్ళెం అంచుకి కొట్టి చూసింది. టక్కుమంది.

"ఇదేటమ్మీ?"

కాఫీలో ముంచుకు తినే బిస్కెట్టని, నాన్నకని అరుంధతి ఉత్సాహంగా చెప్పింది. కామాక్షమ్మ మొహం నల్లబడింది.

"ఇది మీ నాన్నకి పెట్టొద్దు. పాకుండలు సేసినాను. అయి సాలు."

రెండో వాయి లోపలుంది. కామాక్షమ్మ వెళ్ళి ఓవెన్ స్విచ్ ఆపేసింది. అరుంధతి వెళ్ళి మళ్ళీ వేసింది. కామాక్షమ్మ మళ్ళీ ఆపింది. అరుంధతికి ఒళ్ళు మండింది.

"మా నాన్నకి నా చేత్తో ఒక్కటి చేసి పెట్టే హక్కు కూడా నాకు ఈ ఇంట్లో లేదా అత్తయ్యా?"

"హక్కు కాదమ్మీ. మా పేదరికం మీ నాన్నకి పళ్ళెంలో పెట్టి సూపిత్తావా?"

అరుంధతికి అర్థం కాలేదు. కామాక్షమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూలబడి, ఎవరితోనూ ఎప్పుడూ అనని సంగతి చెప్పింది. చాలా ఏళ్ళ కిందట, ఇప్పుడు లేని మామగారు పనిచేసే బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు పదకొండు నెలలు లాకౌటైంది. టీ కొట్ల గాజు సీసాల్లో ఉంటుందే, రెండుసార్లు కాల్చిన లేడో బిస్కెట్టు, అది చాయ్‌లో ముంచుకుని తింటే అదే రాత్రి భోజనం. ఆ రోజుల్లో ఆమె అన్నగారు ఊరినుంచి చూడవచ్చాడు. ఇంట్లో ఉన్న రెండు బిస్కెట్లూ పళ్ళెంలో పెట్టింది. అతను ముట్టుకోలేదు. ఊరెళ్ళి, మా చెల్లెలు చుట్టానికి రాళ్ళు పెట్టిందని పదిమందిలో నవ్వాడు.

"ఆ దినం ఒట్టేసుకున్నాను. నా గుమ్మంలోకి వొచ్చిన సుట్టానికి మరి అది పెట్టనని."

ఇటలీ వంటకమని అరుంధతి మురిసిపోతున్నది ఈమెకి ఆకలి రుచి. ముక్కలన్నీ డబ్బాలో సర్ది అటక మీద పెట్టేసింది.

పదిన్నరకి వెంకటరత్నం వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. గోడ మీద చెమ్మ మరకలు చూశాడు. పాకుండ సగం కొరికి పళ్ళెంలో పెట్టేశాడు. పట్టాభి ప్రయాణం గురించి ఏదో అడిగితే ముక్తసరిగా జవాబిచ్చి కూతురి వైపు తిరిగాడు.

"అక్కడ మనింట్లో సెలవొస్తే వంటగదిలోంచి బయటికొచ్చేదానివి కాదు. కొత్తవేవో చేస్తూనే ఉండేదానివి. ఇక్కడ వాటికి చోటెక్కడిదిలే."

అరుంధతి తలెత్తలేదు. నోరు తెరిస్తే అత్తయ్య దాచుకున్న సంగతి బయటపడుతుంది. తెరవకపోతే నాన్న అనుకున్నదే నిజమవుతుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

గుమ్మంలో నిలబడ్డ కామాక్షమ్మ కోడలి మొహం కాసేపు చూసింది. లోపలికెళ్ళింది. స్టూలు జరిపిన చప్పుడు. తిరిగొచ్చి, డబ్బా మూత తీసి, నాలుగు ముక్కలు వెంకటరత్నం పళ్ళెంలో తనే పెట్టింది.

"మీ అమ్మాయి పొద్దుటేల నుంచీ మీకోసరమే సేసింది అన్నయ్యగారూ. నానే దాయించినాను. మిల్లు మూసేసినప్పుడు ఇలాటి బిస్కెట్టే తిని బతికినాం. మీరు నవ్వుతారని బయమేసింది. నవ్వితే నన్ను సూసి నవ్వండి. పిల్లని కాదు."

వెంకటరత్నం ఆమె వంక చూడలేక కాఫీ గ్లాసు వంక చూశాడు. ఒక ముక్క ముంచి నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా తిన్నాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, పళ్ళెం రెండు చేతులా ఆమె ముందుకి చాపాడు.

"మీరూ తీసుకోండి అక్కయ్యగారూ. మీరు కూర్చుంటే గాని నేను కూర్చోను."

కామాక్షమ్మ కూర్చుంది. అరుంధతి ఇచ్చిన కాఫీలో ముక్క ముంచి, కళ్ళు మూసుకుని కొరికింది. బాదం పలుకు పంటి కింద పడగానే ఆగింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఇంకోటియ్యి అమ్మీ," అంది.